ఏ నీళ్ళలోకి అని అడగలేదు

కయాక్‌లు, అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, అద్దెకిచ్చిన చోట మమ్మల్ని అడిగినవి మూడే ప్రశ్నలు. ఆధార్ కార్డు తెచ్చారా, అడ్వాన్స్ నగదుగా ఇస్తారా ఫోన్‌లో కొడతారా, ఆదివారం రాత్రి ఎన్నింటికి తిరిగి అప్పగిస్తారు. రోజుకు ఒక్కోదానికి 1,200 రూపాయలు. నాలుగు కయాక్‌లు, నాలుగు తెడ్లు, నాలుగు లైఫ్ జాకెట్లు టెంపోలో ఎక్కించి, తాళ్ళు బిగించి, గీతలు పడితే తర్వాత గొడవ రాకుండా ఫొటోలు తీసుకుని పంపించారు. వీటిని ఏ నీళ్ళలో దింపుతున్నారని ఒక్కరూ అడగలేదు. చెప్పాలని మాకూ తోచలేదు. మా ఊళ్ళో పెళ్ళికి షామియానా అద్దెకిచ్చే మనిషి కూడా "నేల మట్టిదా, సిమెంటుదా" అని అడుగుతాడు. మట్టి నేలయితే గూటాలు పంపుతాడు, సిమెంటయితే ఇసుక బస్తాలు పెట్టుకోమంటాడు. గాలికి గుడ్డ లేచిపోకూడదని ఆ జాగ్రత్త. మనిషి కూర్చుని నది నడుమకు వెళ్ళే వస్తువుకు ఆ మాత్రం జాగ్రత్త కూడా లేకపోయింది.

డిసెంబర్‌లో జరిగింది ఇది. నేను, మా బావమరిది, నాతో డిగ్రీ చదివిన ఇద్దరు మిత్రులు. అందరివీ మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళే. అంతకుముందు వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులో రెండుసార్లు కయాక్ ఎక్కాం. మేం వెళ్ళినప్పుడు అక్కడ ఒడ్డున మనుషులు కనిపెట్టుకుని ఉన్నారు, కాస్త దూరం పోతే కేకేసి వెనక్కి పిలిచారు. ఆ గంటన్నర అనుభవంతో మాకు వచ్చేసిందనుకున్నాం. ఈసారి కయాక్‌లు అద్దెకు తెచ్చుకుని, ఎవరి కేకలూ లేకుండా, కృష్ణలో రెండు రోజులు తిరగాలని అనుకున్నాం. నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కణ్ణుంచి సోమశిల.

సోమశిల చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. జూరాల, బీచుపల్లి దాటి వచ్చిన కృష్ణ, అలంపురం పక్కగా వచ్చిన తుంగభద్రను కలుపుకుని ఇక్కడికి చేరేసరికి పారే నదిలా ఉండదు. ఇవి శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. రిజర్వాయర్ పూర్తి మట్టం సముద్ర మట్టం నుంచి 885 అడుగులు. వానాకాలం తర్వాత మట్టం అక్కడికి దగ్గరగా ఉన్నప్పుడు ఎదుటి ఒడ్డు, అంటే సంగమేశ్వరం వైపు ఆంధ్ర ఒడ్డు, సన్నటి గీతలా కనబడుతుంది. ఎండాకాలంలో నీళ్ళు తీసినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. ఈ నీళ్ళ అడుగున ఊళ్ళున్నాయి, పొలాల గట్లున్నాయి, బావులున్నాయి, ఎండి నిలబడ్డ చెట్ల మోళ్ళున్నాయి. రేవులో నిలబడి చూస్తే చెరువంత నెమ్మదిగా కనబడుతుంది. గాలి లేస్తే మాత్రం దానికి అడ్డం వచ్చేది ఏదీ లేదు.

పొద్దున ఏడింటికి దిగాం. నీళ్ళ మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. నూనె పోసినట్టు కదలకుండా ఉన్న నీళ్ళలో తెడ్డు పెడితే చిన్న సుడి తిరిగి వెనక్కి పోతుంది, అంతే. ఇంజన్ చప్పుడు లేదు. మన నడుము నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటుంది, అందుకే నీటికాకులు మునిగి ఎంతోసేపటికి ఎక్కడో లేవడం, చేప ఎగిరి పడటం అన్నీ పక్కనే జరుగుతాయి. లాంచీలో శ్రీశైలం దాకా వెళ్ళినవాళ్ళకు కొండలు కనబడతాయి. కయాక్‌లో కూర్చున్నవాడికి నీళ్ళు కనబడతాయి. ఆ రెండు గంటల కోసం నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను. ఇప్పుడు చెప్పబోయేది వద్దని చెప్పడానికి కాదని ముందే అంటున్నాను.

పన్నెండు దాటాక తూర్పు నుంచి గాలి మొదలైంది. మొదట చల్లగా బాగుందనుకున్నాం. అరగంటలో అలలకు నురగ వచ్చింది. కయాక్‌కు ఒక గుణం ఉంది, మాకు అప్పటిదాకా తెలియదు. పక్క నుంచి గాలి కొడితే దాని ముక్కు గాలివైపు తిరిగిపోతుంది. మనం ఒడ్డు వైపు తిప్పుతాం, అది నది నడుమకు తిరుగుతుంది. తిప్పడానికి ఒక పక్కే తెడ్డు వేసి వేసి భుజం పడిపోతుంది, ముందుకు సాగేది ఉండదు. తోక దగ్గర అడుగున చిన్న రెక్క ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. మాకిచ్చిన వాటిలో రెండింటికి ఆ రెక్క ఊడిపోయి, బిగించే చోట ఖాళీ గాడి మిగిలింది. టెంపో ఎక్కించేటప్పుడు ఆ గాడి చూశాం. ఏమిటో తెలియక వదిలేశాం.

మా బావమరిది బరువు 95 కిలోలు. పైగా అతని కయాక్‌లోనే వంట సామాను, నీళ్ళ క్యాన్ పెట్టాం. పైన కూర్చునే రకం కయాక్‌కు అడుగున రంధ్రాలుంటాయి. పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి కిందికి పోవాలి. బరువు మించితే అదే రంధ్రాల్లోంచి నీళ్ళు పైకి వస్తాయి. అతను పొద్దుటి నుంచీ తడిలోనే కూర్చుని ఉన్నాడు, "ఇది ఇంతేనేమో" అనుకుని చెప్పలేదు. అల పక్క నుంచి తగిలేసరికి కయాక్ బోర్లా పడింది. అతనికి ఈత రాదు. జాకెట్ నడుము బకిల్ విరిగి ఉంటే పొద్దున తువ్వాలుతో ముడేశాం. నీళ్ళలో పడగానే ముడి జారి, జాకెట్ చెవుల దాకా లేచి మొహాన్ని కప్పేసింది. కాళ్ళకు ఏదో చుట్టుకుందని అరుస్తున్నాడు. ఎవరిదో వల. రాత్రి వేసిన వలలకు ఆనవాలుగా ఖాళీ నీళ్ళ సీసాలు తేలుతుంటాయి. మేం వాటిని చెత్త అనుకున్నాం.

నేను అతని దగ్గరికి చేరలేకపోయాను. ఇరవై గజాల దూరంలో ఉండి, తెడ్డు వేస్తూనే ఉన్నాను, దూరం తగ్గలేదు. మా చెల్లెలికి ఏం చెప్పాలన్న ఆలోచన ఒక్కటే తలలో తిరిగింది. ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

అంతలో పుట్టిలో, అంటే జాలర్ల గుండ్రటి బుట్ట పడవలో, ఒకాయన వచ్చాడు. వయసు అరవై దాటి ఉంటుంది. గాలికి ఎదురు రాలేదు, గాలి మీది వైపు నుంచి పుట్టిని వదిలి, అది కొట్టుకొస్తుంటే తెడ్డుతో దారి మాత్రం సరిచేసుకుంటూ సరిగ్గా మా వాడి పక్కకు చేరాడు. చెయ్యి పట్టుకుని పుట్టి అంచుకు ఆనించి, నడుములోంచి చాకు తీసి కాళ్ళ చుట్టూ ఉన్న వలను రెండు చోట్ల కోశాడు. ఆ వల ఆయనదే. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

ఒడ్డుకు చేరాక ఆయన అన్న మాట ఇది: "పొద్దుగాల రేవుల్నే ఉన్న బిడ్డా. మిమ్మల్ని చూసిన. పట్నపోళ్ళు, అన్నీ తెలిసే వచ్చిండ్రనుకున్న. ఒక్క మాట అడిగుంటే చెప్పకపోదునా, పగటీలి గాలి లేస్తదని?"

వల ఖరీదు ఇస్తామంటే కోసిన ముక్కంత మేరకే తీసుకున్నాడు. దుకాణంలో ఆదివారం రాత్రి, కొట్టుకుపోయిన తెడ్డుకు అడ్వాన్స్‌లో 2,500 పట్టుకున్నారు. అది న్యాయమే, తెడ్డు మేం పోగొట్టాం. విరిగిన బకిల్ చూపిస్తే "చూస్తాం సార్" అని ఆ జాకెట్‌ను మిగతా వాటి మీద వేశారు. వచ్చే శనివారం అది ఇంకెవరి ఒంటి మీదకో పోతుంది.

అప్పటి నుంచి నేను పట్టుకున్న మాట ఒకటే. కయాక్ అద్దెకివ్వడమంటే ప్లాస్టిక్ పడవ అద్దెకివ్వడం కాదు. ఆ నీళ్ళ గురించి తెలిసిన మనిషి మాట కూడా దానితో పాటే అద్దెకు రావాలి. ఆ మాట ఇవ్వలేని వాళ్ళు నదికి కయాక్ ఇవ్వకూడదు. కృష్ణ విషయంలో ఆ మాట ఇవ్వగలిగింది రేవుల్లో బతుకుతున్న బెస్తవాళ్ళు, గంగపుత్రులు, ముదిరాజులు. అందుకే ఈ పని వాళ్ళ చేతుల్లోకి వెళ్ళాలంటున్నాను.

పట్నంలో ఉన్న దుకాణానికి ఏం తెలియదో చూడండి. బీచుపల్లి వైపు పారే కృష్ణలో తిరగాలనుకుంటే, పైన జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240 మెగావాట్ల కరెంటు కేంద్రాలున్నాయి. టర్బైన్లు తిప్పితే కింద నీళ్ళు పెరుగుతాయి, ఆపితే బండలు తేలతాయి. పొద్దున మీరు కయాక్ లాగి పెట్టిన ఇసుక మేట మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు. వాన పడలేదు, మబ్బు లేదు, అయినా నది పెరిగింది. వరద రోజుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పేపర్లో లక్ష క్యూసెక్కులని చదివి పేజీ తిప్పేస్తాం. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే ప్రతి సెకనుకు 28 లక్షల లీటర్లు దాటిపోతున్నాయి. 2009 అక్టోబర్‌లో అలంపురం, కర్నూలు మునిగినప్పుడు వచ్చినవి అలాంటి లక్షలు ఎన్నో.

సోమశిల వైపు నిలిచిన నీళ్ళలో ప్రమాదాలు వేరు. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు ఈ నీళ్ళనే తోడతాయి. పంపులు నడుస్తున్నప్పుడు ఆ కాలువ మొగదల దరిదాపుల్లోకి పోకూడదు. కిందికి వెళ్ళే కొద్దీ నల్లమల దగ్గరవుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, దాని దక్షిణపు అంచు కృష్ణే. అలసిపోయి ఏదో ఒక ఒడ్డున దిగుదామంటే అది అనుమతి లేకుండా అడుగు పెట్టకూడని అడవి కావచ్చు. దారి ఉండదు, ఫోన్ పలకదు. మొసళ్ళున్నాయి. మట్టం ఏ నెలలో ఎంత ఉంటే ఏ మోడు నీటి పైమట్టానికి బెత్తెడు కిందికి వస్తుందో ఏ మ్యాపూ చూపదు. ఇవన్నీ పుట్టి వేసేవాడికి నోటికి తెలుసు. పొద్దున లేచి గాలి వాసన చూసి వల తీయాలా వద్దా తేల్చుకునే మనిషి ఆయన.

ఈ పుట్టి గురించి కొంచెం ఆగి చెప్పాలనిపిస్తోంది. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పూర్వం తోలు కప్పేవాళ్ళు, తర్వాత తారు పూసిన గుడ్డ, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా. కయాక్ పుట్టిందేమో ఆర్కిటిక్ మంచు సముద్రాల ఒడ్డున. ఇన్యూట్ జనం కొట్టుకొచ్చిన కర్రతోనూ ఎముకతోనూ చట్రం కట్టి సీల్ తోలు కప్పారు. ఇక్కడా అక్కడా చేపల కోసం, వేట కోసం బతుకుతున్న జనమే, దొరికిన చట్రానికి దొరికిన తోలు కప్పి నీళ్ళ మీదికి వెళ్ళారు. వాళ్ళు వేగం కోరుకున్నారు, సన్నగా పొడుగ్గా చేశారు. మనవాళ్ళు వలనూ చేపలనూ మోయాలి, బండల మధ్య జానెడు నీళ్ళలోనూ తేలాలి, గుండ్రంగా చేశారు. గుండ్రని దానికి ముందూ వెనకా లేదు కాబట్టి గాలికి ముక్కు తిరిగే బాధ కూడా లేదు. కయాక్ అద్దెకు తీసుకోవడం కొత్త షోకుగా, పుట్టి పాతకాలపు పేదరికంగా చూసే మన చూపు తప్పు. నీళ్ళ చదువులో పుట్టివాడు మనకు పంతులు.

లైఫ్ జాకెట్ సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే మా వాడు బతికింది జాకెట్ వల్ల కాదు. నారింజ రంగు గుడ్డలో థర్మకోల్ కుట్టిందల్లా లైఫ్ జాకెట్ అనుకుంటాం. లోపల ఒక చీటీ ఉండాలి, దాని మీద న్యూటన్లలో ఒక అంకె ఉండాలి. 50 అని ఉంటే అది సుమారు 5 కిలోల బరువును తేల్చగలదు, ఈత వచ్చినవాళ్ళకు, సాయం దగ్గర్లో ఉన్నప్పుడు పనికొస్తుంది. ఈత రానివాళ్ళకు కనీసం 100 ఉండాలి. అంకె సరిగ్గా ఉన్నా ఒంటికి పట్టకపోతే వృథా. తొడుక్కుని బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగాలి. గడ్డం దాటి లేస్తే అది మీది కాదు, ఇంకోటి అడగండి. అద్దెకిచ్చే మనిషి ఈ లాగుడు తన చేత్తో చేసి పంపాలి. నలుగురికి రెండు నిమిషాలు పడుతుంది. ఫొటోలు తీసుకోవడానికి అంతకంటే ఎక్కువ సేపే పట్టింది మాకు.

అలాగే బరువు. ప్రతి కయాక్‌కు ఇంత మోస్తుందని తయారు చేసినవాళ్ళు అంకె ఇస్తారు. అందులో మనిషి, సామాను, నీళ్ళ క్యాన్ అన్నీ కలిసి ఉంటాయి. ఆ అంకె దగ్గరికి వెళ్ళకుండా చాలా కిందనే ఆగాలి. ఇంకొకటి, బోర్లా పడితే తిరిగి ఎలా ఎక్కాలో నడుము లోతు నీళ్ళలో, ఒడ్డున, కావాలని పడి నేర్చుకోకుండా ఎవరూ నడుమకు పోకూడదు. మేం అది చేయలేదు. చేసి ఉంటే మా బావమరిది తనే ఎక్కేవాడో లేదో గానీ, ఆ జాకెట్ పనికిరాదని పది నిమిషాల్లో తెలిసేది.

ఈ మాటలంటే నా మిత్రుల్లో ఒకడు ఒప్పుకోడు. "పక్కన పుట్టి ఉంటే ఇంక కయాక్ ఎందుకు? ఒంటరిగా తిరగడం కోసమే కదా వెళ్ళేది. పైగా ఇన్ని షరతులు పెడితే అద్దె రెట్టింపవుతుంది" అంటాడు. అతని మాటలో నిజముంది. నాకూ ఆ ఒంటరితనమే ఇష్టం. కానీ పుట్టి అంటుకుని రానవసరం లేదు. పావు కిలోమీటరు దూరంలో తన వలలు తాను చూసుకుంటూ ఉంటే చాలు, ఎవరి పని వాళ్ళది. అద్దె పెరుగుతుందా, పెరగనివ్వండి. ఆ పెరిగిన డబ్బు ఎవరికి పోతుందన్నదే నా లెక్క. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు ఊళ్ళు పోగొట్టుకున్న ఒడ్డు ఇది. నీళ్ళు వచ్చాయి, ఆ నీళ్ళ మీద చేపలు పట్టుకోమన్నారు. చేపల్లో మంచి చెడ్డ సంవత్సరాలుంటాయి. సన్న కన్నుల అలివి వలలతో పిల్ల చేపలను కూడా ఊడ్చేసే వాళ్ళతో ఇక్కడి మామూలు జాలర్లు గొడవపడుతూనే ఉన్నారు. శని, ఆదివారాలు పట్నం నుంచి కార్లు వస్తాయి. ఆ కార్లలోని డబ్బు రిసార్టుకూ పోతుంది, పట్నంలోని అద్దె దుకాణానికీ పోతుంది. నదికి కాపలా ఉన్న మనిషికి మాత్రం కోసిన వల ముక్క ఖరీదు దక్కుతుంది.

మత్స్య సహకార సంఘాలు ఊరూరా ఉన్నాయి. ప్రభుత్వం వాటికి చేపపిల్లలు ఇస్తోంది, సబ్సిడీ మీద వాహనాలు ఇచ్చింది. ఒక్కో పెద్ద రేవు సంఘానికి పది కయాక్‌లు, ఇరవై మంచి జాకెట్లు ఇవ్వడం అంతకంటే భారమా? చట్టం కూడా అడ్డు రాదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో పార్లమెంటు కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం చేసింది. ఇంజన్ లేని పడవల నమోదు పనిని రాష్ట్రాలు పంచాయతీల దాకా అప్పగించేలా అందులో వీలుంది. అంటే సోమశిల రేవులో ఏ కయాక్ దిగాలి, ఏ రోజు దిగకూడదు అని చెప్పే అధికారం ఆ ఊరికి రావచ్చు. వస్తే పట్నం నుంచి కయాక్ తెచ్చుకున్నవాడు కూడా ముందు రేవు సంఘం దగ్గర పేరు రాయించుకుని, గాలి సంగతి విని, అప్పుడు దిగుతాడు.

అధికారులు మామూలుగా చేసేది వేరు. ఏదైనా జరగగానే ఒడ్డున ఒక బోర్డు పాతుతారు, ప్రవేశం నిషేధమని. నెల తిరగకముందే ఆ బోర్డు పక్కనే ఫొటోలు దిగుతుంటారు జనం. 2007 జనవరిలో ఇదే కొల్లాపూర్ ప్రాంతంలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది చనిపోయారు. ఆ ఇళ్ళల్లో ఆ జనవరి ఇంకా పోలేదు. వాళ్ళు షోకుకు వెళ్ళినవాళ్ళు కారు, నది దాటాల్సి వచ్చినవాళ్ళు. నిషేధిస్తే నది దాటే అవసరం పోదు, నది మీద తిరగాలన్న కోరికా పోదు. చూసుకునే మనిషి ఒకడు అక్కడ ఉండాలి, చూసుకున్నందుకు అతనికి కూలి దక్కాలి.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. మా బావమరిది రాడనుకున్నాను, వచ్చాడు. రెండు నెలలు మా దగ్గరి చెరువులో నడుము లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఈసారి వేరే చోట ఇద్దరేసి కూర్చునే కయాక్‌లు రెండు తీసుకున్నాం, జాకెట్లు సొంతంగా కొనుక్కున్నాం. ముందు రోజు సాయంత్రమే రేవుకు వెళ్ళి ఆ పెద్దాయనను కలిసి, ఒక రోజు కూలి మాట్లాడుకున్నాం. "పదిన్నరకు మర్రుదాం" అన్నాడు. పొద్దున్నే ముందు ఆయన పుట్టి, వెనక మేం. ఒక చోట తెడ్డు ఆపి కిందికి చూపించి, "ఇదే మా ఊరి బాయి" అన్నాడు. మాకు నీళ్ళే కనబడ్డాయి. వలల సీసాలు ఎవరివి ఏవో, వాటికి ఏ పక్క నుంచి పోవాలో చెప్పాడు. సరిగ్గా పదిన్నరకు, గాలి ఊసే లేనప్పుడు, తిరగమన్నాడు. పన్నెండుకు రేవులో కూర్చుని అన్నం తింటుంటే నీళ్ళ మీద నురగ లేచింది.

తిన్నాక ఆయనను కయాక్ ఎక్కించాం. పది తెడ్లు వేసేసరికి దాని పద్ధతి పట్టేశాడు. ఒక చుట్టు తిరిగొచ్చి దిగి, చేత్తో దాని అంచు తడిమి చూసి, "దీనికి దినానికి ఎంతిచ్చిండ్రు?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: "మా సంఘపోళ్ళు అడిగితే ఇసొంటియి ఇస్తరా సారూ? ఎవరిని అడగాలె?"

జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు రాయాల్సిన అర్జీని ఆ రేవులోనే, టిఫిన్ డబ్బా మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాం.